జిగురమ్మ చదవనిదే అరలోకి రాదు

ఆ లైబ్రరీలో జిగురమ్మను అసలు పేరుతో పిలిచేది జీతాల రిజిస్టరు ఒక్కటే. మిగతా లోకానికంతటికీ ఆవిడ జిగురమ్మే. చిరిగిన పుస్తకాలు కుట్టి, అతికించి, అట్టలు వేసి పంపడం ఆవిడ పని. ముప్పై ఏళ్ళుగా అదే గది, అదే బల్ల. వేళ్ళ సందుల్లో ఎండిన జిగురు పొట్టులా రాలుతూ ఉంటుంది. ఒక మాట పట్టుకుందంటే ఎవరి తరమూ కాదు వదిలించుకోవడం. ఈ సంగతి ఆవిడ మొగుడే చెబుతాడు. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మీద ఒక్క వాదనా నెగ్గలేదు కాబట్టి ఆయన సాక్ష్యానికి విలువుంది.

గదిలో ఓ పొడుగాటి బల్ల, పుస్తకాలు కుట్టే చట్రం, జిగురు డబ్బా, పుస్తకాల్ని నొక్కిపెట్టే ఇనుప ప్రెస్సు ఉంటాయి. కిటికీ పక్కన కాగితాల అంచులు కోసే మిషను. దాని కత్తి మూరెడు పొడవు. చక్రం తిప్పి కాగితాల్ని బిగించి, పిడి కిందికి లాగితే ఐదువందల పేజీల అంచు ఒక్క ఊపులో తెగుతుంది. గీత కొట్టినట్టు నిటారుగా తెగాలంటే మాత్రం చెయ్యి తిరగాలి. ఆ మిషన్ని జిగురమ్మ తప్ప ఇంకెవరూ ముట్టుకోరు. ముట్టుకోనివ్వదు కూడా. దాని పైన గోడకి నిబంధనల బోర్డు ఉంది. తలతిరుగుడు, మూర్ఛ, మనోవ్యాధి ఉన్నవారు ఈ యంత్రం మీద పనిచేయరాదని అందులో నాలుగో వాక్యం. ఆ వాక్యాన్ని ఆవిడ ఎనిమిదేళ్ళుగా రోజూ చూస్తోంది, రోజూ చూడనట్టు నటిస్తోంది.

ఎనిమిదేళ్ళ కిందట ఓ మామూలు మంగళవారం ఉదయం, టీ తాగి వచ్చి బల్ల ముందు కూర్చున్న ఆవిడ గుండె ఉన్నట్టుండి దడదడలాడింది. అరచేతులకి చెమటలు పట్టాయి, గాలి చాలలేదు, కాళ్ళ కింద నేల ఉందో లేదో తెలియలేదు. ఇక అయిపోయిందనుకుంది. గోడ పట్టుకుని నడిచి, పుస్తకాలిచ్చే కౌంటరు దగ్గరికి వెళ్ళి, "వదినా, నా పని అయిపోయింది, మా ఆయనకి కబురు చెయ్యి" అంది. కౌంటరు వదినకీ ఆవిడకీ చుట్టరికం ఏమీ లేదు, పాతికేళ్ళ అలవాటు తప్ప. వదిన రిజిస్టరులోంచి తలెత్తకుండా, "అయిపోతే సెలవు చీటీ రాసి వెళ్ళు" అంది. తరవాత మొహం చూసి హడలిపోయి ఆటో పిలిచింది.

ఆసుపత్రికి అలా మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. మూడుసార్లూ గుండె పరీక్షలో తప్పేమీ కనపడలేదు. "మీ గుండె నా గుండె కంటే బాగుంది" అన్నాడు ఒక డాక్టరు నవ్వుతూ. ఆవిడకి ఊరట కలగకపోగా ఒళ్ళు మండింది. మూడోసారి మాత్రం ఒక డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మీరు నాటకం ఆడట్లేదమ్మా. అలాగని గుండెజబ్బూ కాదు. భయం ఇలా ఒంటిమీదకి విరుచుకుపడే జబ్బొకటుంది. చాలామందికి వస్తుంది, తగ్గుతుంది" అంది. మాత్రలు రాసింది, వారం వారం వచ్చి మాట్లాడమంది. చదివే అలవాటుంటే పుస్తకాలు కూడా సాయం చేస్తాయని చెప్పింది. జిగురమ్మ అంత బాధలోనూ నవ్వింది. పుస్తకాల కొట్టంలో పనిచేసేదాన్ని పట్టుకుని చదువుతారా అని అడగడమా!

అసలు పొరపాటు అక్కడే జరిగింది. ఆవిడ తిన్నగా తమ లైబ్రరీలోనే, విజయానికి మెట్లు చూపించే పుస్తకాల అర ముందు నిలబడి, అన్నిటికంటే ఎక్కువ నలిగిన పుస్తకం తీసుకుంది. ఇంతమంది చేతులు మారిందంటే మంచిదే అయ్యుంటుందనుకుంది. నలిగిన పుస్తకం మంచి పుస్తకమని నమ్మడం అట్టలు వేసేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని భ్రమ. ఆ పుస్తకం, భయం బలహీనుల లక్షణం అంది. మాత్ర మింగిన ప్రతిసారీ నువ్వు నీ మనసుని అవమానిస్తున్నావంది. జిగురమ్మకి పౌరుషం పొడుచుకొచ్చి మాత్రలు తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది. తరవాతి మూడు వారాలు ఎలా గడిచాయో ఆవిడ ఎవరికీ చెప్పదు. తల తిప్పితే చాలు నెత్తిలో కరెంటు కొట్టినట్టుండేది, స్నానాల గది తలుపు మూసుకోవడానికి భయం, వీధి దాటడానికి భయం. సూదిలో దారం ఎక్కించలేక ఒకరోజు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. గడియారాలాయన పని మానేసి ఆవిడ పక్కనే కూర్చుని, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతూ ఉండేవాడు. చివరికి ఆయనే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. ఆ పుస్తకం రాసినాయన జీవితంలో ఒక్క రోగినైనా చూశాడా అని మాత్రం అడిగింది. జిగురమ్మ ఇంటికొచ్చి అట్ట వెనక చూసింది. ఆయన చూసింది షేర్ల వ్యాపారం.

అప్పుడొచ్చింది ఆవిడకి కోపం. రోగం వచ్చినందుకు ఏడ్చిన మనిషి, మోసపోయినందుకు ఒంటికాలి మీద లేచింది. ఆ పుస్తకం వెన్ను ఊడినప్పుడల్లా కుట్టి, కొత్త అట్ట వేసి, మళ్ళీ జనం చేతుల్లో పెట్టింది తనే కదా! ఎంతమంది మాత్రలు ఏ చెత్తబుట్టల్లో పడ్డాయో! ఆ రోజు నుంచి మనసుకి సంబంధించిన పుస్తకం ఏది చేతికొచ్చినా కుట్టే ముందు చదవడం మొదలుపెట్టింది. చదవడంతో సరిపెట్టుకోలేదు, అందులో చెప్పింది చేసి చూసేది. చిన్నప్పుడు వంటింట్లో ఉప్పు చూసినట్టు కాదు, రెండు వారాల పాటు మనసా వాచా చేసేది.

దిగుళ్ళకి రోజూ ఒక వేళ కేటాయించమనీ, మిగతా వేళల్లో వచ్చిన దిగులుని ఆ వేళకి రమ్మని వాయిదా వెయ్యమనీ ఒక పుస్తకంలో ఉంది. జిగురమ్మ సాయంత్రం నాలుగింటికి వెనక మెట్ల మీద కూర్చుని పదిహేను నిమిషాలు దిగులుపడేది. ఎవరైనా పలకరించబోతే కౌంటరు వదిన, "ఇప్పుడు కాదు, నాలుగున్నరకి రండి, ఆవిడ దిగులుపడుతోంది" అని పంపించేసేది. మొదటి వారం నవ్వుకున్నారు. రెండో వారానికి వదిన కూడా పక్కన వచ్చి కూర్చుంది. ఆ పుస్తకం పాసయింది. నిద్ర పట్టనివాళ్ళ పుస్తకం ఒకటి మంచం మీద దొర్లకుండా లేచి కుర్చీలో కూర్చోమంది. కష్టంగా ఉంది గాని పనిచేసింది, అదీ పాసే. అద్దం ముందు నిలబడి నేను సంతోషంగా ఉన్నాను అని వందసార్లు అనమన్న పుస్తకం నలభయ్యోసారికే ఫెయిలయింది. గడియారాలాయన పక్కగదిలోంచి, "ఎవర్ని బెదిరిస్తున్నావే?" అని అడిగాడట.

రాను రాను ఆవిడకి చూపు కుదిరింది. రాసినవాళ్ళు రోగుల్ని చూసినవాళ్ళా, లేక ఆ బాధ పడి లేచినవాళ్ళా అని ముందు చూసేది. తరవాత సూటిగా ఆఖరి పేజీలకి వెళ్ళేది. ఈ పుస్తకంతో తగ్గకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పని పుస్తకమంటే ఆవిడకి గిట్టదు. అన్నీ నాతోనే నయమవుతాయనే మనిషిని నమ్మనట్టే అలాంటి పుస్తకాన్నీ నమ్మేది కాదు. తప్పంతా చదివేవాడి నెత్తిన రుద్దితే పెదవి విరిచేది. ఇక అట్టలు వేసే మనిషి కాబట్టి లావు, అక్షరం కూడా చూసేది. మంచం దిగడానికే ఓపిక లేనివాడి చేతిలో నాలుగువందల పేజీల దిమ్మ పెడితే వాడు దాన్ని తలకింద పెట్టుకోవడానికి తప్ప దేనికీ వాడడు. అలాంటివాళ్ళకి వంద పేజీలు దాటకూడదు, అక్షరం పెద్దగా ఉండాలి, మొదటి అధ్యాయంలోనే చెయ్యగలిగిన పని ఒకటి ఉండాలి. లేచి కిటికీ తెరవమన్నా చాలు.

అలా తేలిన పుస్తకాల్ని మొదట ముందు హాల్లో ఒక అరలో పెట్టించింది. మూడు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు పేరు రాయించుకుని తీసుకెళ్ళలేదు. కాని నాలుగు పుస్తకాలు మాయమయ్యాయి. అప్పటి లైబ్రేరియను, పాత సారు, దొంగతనం దొంగతనం అని గగ్గోలు పెట్టాడు. జిగురమ్మకి మాత్రం విషయం బోధపడింది. పుస్తకం అందరికీ కావాలి, రిజిస్టరులో పేరే ఎవరికీ అక్కర్లేదు. ఆవిడ ఆ అర మొత్తాన్ని తన గది పక్కకి మార్చేసి, పైన "మరమ్మతులో ఉన్నవి" అని చీటీ అంటించింది. మరమ్మతులో ఉన్న పుస్తకం రిజిస్టరుకెక్కదు, ఎవడి కంటా పడదు. కావలసినవాళ్ళు మాత్రం కనుక్కుని వచ్చేవారు. మూడు పుస్తకాలడిగితే ఒకటే ఇచ్చేది. "రెండు వారాలు ఇందులో చెప్పింది చెయ్యి. చదివి ఊరుకుంటే లాభం లేదు. తగ్గకపోతే ఇంకో పుస్తకం కోసం రాకు, డాక్టరు దగ్గరికి పో" అని మొహం మీదే చెప్పేది.

సిటీ బస్సు కండక్టరు ఒకతను అలాగే వచ్చాడు. బస్సు నిండగానే ఊపిరాడట్లేదని, స్టాపు రాకుండానే బెల్లు కొట్టి దిగిపోతున్నానని చెప్పడానికి అరగంట నీళ్ళు నమిలాడు. జిగురమ్మ ముందుగా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా తమ్ముడూ?" అని సూటిగా అడిగింది. ఎవరొచ్చినా ఆ ప్రశ్న అడగనిదే పుస్తకం తీయదు. అవునన్నవాళ్ళు ఇద్దరున్నారు ఈ ఎనిమిదేళ్ళలో. ఇద్దరికీ పుస్తకం ఇవ్వలేదు, పని ఆపి, గదికి తాళం వేసి, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కండక్టరు లేదన్నాడు. అయితే ఇది తీసుకోమని ఓ సన్నటి పుస్తకం ఇచ్చింది. తను కూడా ఆ పుస్తకం పట్టుకునే లేచానని మాత్రం అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. గోడ మీద ఆ నాలుగో వాక్యం ఉన్నంతకాలం చెప్పకూడదని మొగుడూ పెళ్ళాల ఒప్పందం.

ఇదంతా సజావుగా నడుస్తూ ఉండగా పాత సారు స్థానంలో కొత్త సారు వచ్చాడు. చెడ్డవాడు కాడు. కుర్రతనం ఇంకా వదలని ముఖం, ఇస్త్రీ చొక్కా, ప్రతి పనికీ ఒక పట్టిక. వచ్చిన నెలలోనే పుస్తకాలన్నీ లెక్కపెట్టించాడు. నలభైమూడు పుస్తకాలు ఏళ్ళ తరబడి, కొన్నయితే ఆరేళ్ళకి పైగా, మరమ్మతులోనే ఉన్నాయని తేలింది. రెండేళ్ళు దాటినవి చిత్తుకాగితాల కింద అమ్మేయాలని రూలు.

"ఇదేంటమ్మా, నలభైమూడు పుస్తకాలు ఆరేళ్ళ నుంచి కుడుతున్నారా?" అన్నాడు.

జిగురమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది, తన జబ్బు సంగతొక్కటి తప్ప. కొత్త సారు విన్నాడు. విని, కోప్పడకపోగా ముచ్చటపడ్డాడు. ఇంత మంచి పని చాటుగా చెయ్యడమేమిటి, ముందు హాల్లో పెద్ద అర చేయిద్దాం, బోర్డు పెడదాం, సభ పెట్టి ప్రారంభిద్దాం అన్నాడు. జిగురమ్మ ఆ క్షణంలో సారుని ఇట్టే క్షమించేసింది, చొక్కా ఇస్త్రీతో సహా.

వారం తిరగకుండా అసలు కథ బయటపడింది. సభకి మైకు మాస్టారు వస్తున్నాడు. ఆయన ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవాడు. ఇప్పుడు ఊళ్ళు తిరిగి మైకు ముందు ధైర్యం చెబుతున్నాడు. వెళ్ళిన ప్రతి చోటా హాలు నిండుతుంది. ఆయన తను రాసిన పుస్తకం అరవై ప్రతులు విరాళంగా ఇస్తాడు, అవి అరలో కంటికెదురుగా ఉండాలి. ఆ అరవై ప్రతులూ రెండు పెట్టెల్లో అప్పుడే జిగురమ్మ గదిలోకి వచ్చి కూర్చున్నాయి కూడా.

"చదివి చెప్తానండీ, రెండు వారాలు ఆగండి" అంది జిగురమ్మ.

"అంత గొప్పాయన పుస్తకం, మనం చదివి చెప్పేదేముందమ్మా?"

"గొప్పాయన కాబట్టి రెండుసార్లు చదువుతాను."

చదివింది. నిజం చెప్పాలంటే పుస్తకం మరీ తీసిపారేసేది కాదు. పొద్దున్నే నడవమన్నాడు, నడిచింది, హాయిగా ఉంది. రోజూ ఒక మనిషికి ఫోను చేసి మాట్లాడమన్నాడు, పదేళ్ళుగా మాటల్లేని చెల్లెలికి చేసింది, అదీ బాగానే అయింది. మాస్టారంటే కొంచెం గౌరవం కూడా కలిగింది. నూట పన్నెండో పేజీ దాకా వచ్చాక మాత్రం చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. మాత్రలు కుంటివాడి కర్రలని, ఇరవై ఒకటో రోజున వాటిని కాలవలో పారేసి స్వతంత్రులు కండని ఉంది అక్కడ. అదే పేజీ అడుగున, పారేశాక ఒంట్లో ఏమన్నా తేడాగా ఉంటే అది మీ మనసు ఆడే దొంగాట, లొంగకండని ఉంది.

ఆ దొంగాట సంగతి జిగురమ్మకి తెలిసినంతగా మాస్టారికి తెలియదు.

కొత్త సారు గదిలోకి వెళ్ళి ఈ పుస్తకం అరలో పెట్టనని చెప్పింది. సారు నచ్చజెప్పబోయాడు. కరపత్రాలు పంచేశామన్నాడు, కమిటీ వాళ్ళకి మాటిచ్చానన్నాడు. ఆవిడకి చెప్పడం గోడకి చెప్పినట్టే ఉంది. చివరికి ఆయన గొంతు తగ్గించాడు.

"పోనీ ఆ ఒక్క కాగితం చించేయండమ్మా. మీ చేతిలో పనేగా. ఎవరికీ తెలియదు."

"ముప్పై ఏళ్ళలో చిరిగిన కాగితం అతికించాను గాని, ఉన్న కాగితం ఎప్పుడూ చించలేదండీ. ఆయన రాసింది ఆయనది. కాకపోతే అది ఈ అరలోకి రాదు, అంతే. కథల పక్కన పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

సారుకీ పట్టుదల వచ్చింది. "అసలు మాత్రల సంగతి మీకెలా తెలుసు? మీరేమన్నా డాక్టరా?"

నోటిదాకా వచ్చిన జవాబుని జిగురమ్మ మింగేసింది. ఆవిడ అలా మాట మింగడం అదే మొదటిసారి. అరవై ప్రతులూ అరలోకి వెళ్తాయి, శనివారం ఉదయం సభ, మీరు ముందు వరసలో కూర్చుంటే చాలు అన్నాడు సారు.

ఇంట్లో గడియారాలాయన కంటికి పెట్టుకునే అద్దం తీసి, అంతా విన్నాడు. "చెప్పకు. ఇంకో మూడేళ్ళుంది నీ సర్వీసు. చెప్పావంటే రేపొద్దునే ఆ మిషను దగ్గరికి రానివ్వరు. అది లేకపోతే నువ్వు ఉండగలవా?" అన్నాడు.

"ఉండలేను."

"మరి?"

ఆ మిషను తీసేసుకుంటే తన రెండు చేతులూ తీసేసుకున్నట్టే. అలాగని తను కూర్చుని చూస్తూ ఉండగా ఆ పేజీ అరవై ఇళ్ళకి వెళ్తుంది.

శనివారం హాలు కిటకిటలాడింది. కొత్త అర తళతళలాడుతోంది. మాస్టారి పుస్తకాలు పై వరసలో, జిగురమ్మ నలభైమూడూ కింది వరసల్లో. కండక్టరు యూనిఫాం మీదే వచ్చి వెనక నిలబడ్డాడు. గడియారాలాయన తలుపు పక్కన కూర్చున్నాడు. మాస్టారు మైకు అందుకున్నాడంటే అందుకున్నాడే. నవ్వించాడు, కన్నీళ్ళు పెట్టించాడు. ఆయన చెప్పినదాంట్లో సగం జిగురమ్మకి కూడా నచ్చింది, అదే కష్టం. చివరికి ఆయన ప్రతి సభలోనూ అడిగే ప్రశ్నకి వచ్చాడు.

"ఈ హాల్లో ఎవరైనా, ఒక్కరైనా, మనసుకి మాత్రలు మింగి బాగుపడ్డవాళ్ళున్నారా? ఉంటే చెయ్యెత్తండి!"

అది జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదు. ఇన్నేళ్ళలో ఏ ఊళ్ళోనూ ఎవరూ ఎత్తలేదు. ఎత్తరని తెలుసు కాబట్టే అడుగుతాడు. అందరూ కూర్చున్న చోట మనసు జబ్బుకి చెయ్యెత్తడానికి ఎవడికి గుండెలున్నాయి? మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నిశ్శబ్దం వినిపిస్తోందా అన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు చూసి జిగురమ్మకి భయం పోయింది. ఎనిమిదేళ్ళ కిందట ఆ నలిగిన పుస్తకం మీద వచ్చిన కోపమే మళ్ళీ వచ్చింది. ముందు వరసలో కుడిచెయ్యి పైకి లేచింది.

కౌంటరు వదిన నోరు తెరిచింది. కొత్త సారు కుర్చీలో ముందుకి జరిగాడు. మాస్టారు మైకు అటు చేతిలోంచి ఇటు చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎవరమ్మా మీరు?"

"వెనక గదిలో పుస్తకాలు కుడతానండీ."

"ఎన్నేళ్ళుగా వేసుకుంటున్నారు మాత్రలు?"

"ఎనిమిదేళ్ళు. ముందు రెండుండేవి, ఇప్పుడు ఒకటి."

"చూశారా!" మాస్టారు జనం వైపు తిరిగాడు. "ఎనిమిదేళ్ళు! ఇంకా మానలేకపోయారు. దీన్నే నేను బానిసత్వం అంటాను." అలవాటు కొద్దీ నలుగురు చప్పట్లు కొట్టారు.

"మీరు కళ్ళజోడు పెట్టుకోబట్టి ఎన్నేళ్ళయిందండీ?" అంది జిగురమ్మ.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత హాలంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వబోయాడు గాని కుదరలేదు.

"మీ పుస్తకం చదివాను. పదహారు రోజులు మీరు చెప్పినవన్నీ చేశాను. నడక బాగుంది, ఫోను సంగతి బాగుంది. నూట పన్నెండో పేజీ మాత్రం తప్పు. నేనలాంటి పేజీయే ఒకటి నమ్మి మాత్రలు పారేశాను. మూడు వారాలు మా ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోకపోతే నేనీవేళ ఇక్కడ లేను. మీ మైకు చాలా పెద్దది. అందుకని చెబుతున్నా, మాత్రలు వేసుకునేవాళ్ళెవరూ డాక్టరు చెప్పకుండా మానకండి." ఆవిడ కూర్చుంది.

సభ ఎలాగో ముగిసింది. ఆ సాయంత్రమే జిగురమ్మ మాస్టారి ప్రతులన్నీ పై వరసలోంచి దించి, మళ్ళీ పెట్టెల్లో సర్ది తన గదిలో పెట్టేసింది. సోమవారం పొద్దున గదికి వెళ్ళేసరికి మిషను పిడికి కొత్త తాళం వేసి ఉంది. బల్ల మీద మెమో. నిబంధనల్లో నాలుగో అంశాన్ని అనుసరించి తదుపరి ఉత్తర్వులదాకా యంత్రం వాడరాదు. పక్కనే మాస్టారి అరవై ప్రతులూ తిరిగి పై వరసలో పెట్టాలని ఇంకో కాగితం. రెంటికీ కింద, అందినట్టు ఆవిడ సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. సంతకం కోసం ఆయన తన గదికి రమ్మన్నాడని వదిన గొణిగింది.

జిగురమ్మ ఈ ఎనిమిదేళ్ళలో తను కోసి కుట్టిన పాత పత్రికల సంపుటాలు డజను, ఒక ఇనుప స్కేలు మోసుకెళ్ళి సారు బల్ల మీద పెట్టింది.

"ఇవన్నీ మాత్రలు వేసుకునే మనిషి కోసినవే. ఎక్కడన్నా వెంట్రుకంత వంకరుందేమో కొలవండి."

సారు కొలవలేదు. "వంకర సంగతి కాదమ్మా. రేపు మీ చేతికేమన్నా అయితే పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సింది నేను. నా భయం నాది."

"న్యాయమే" అంది జిగురమ్మ. నిజంగానే న్యాయమనిపించింది ఆవిడకి. "డాక్టరమ్మ చేత రాయించుకొస్తాను. మధ్యాహ్నానికల్లా కాగితం మీ బల్ల మీదుంటుంది. కాని నాకూ ఒక కాగితం కావాలి."

"ఏం కాగితం?"

"ఆ పుస్తకం చదివి ఎవరన్నా మాత్రలు పారేసి, వాళ్ళకేమన్నా అయితే జవాబు నేను చెప్తాను అని మీరు రాసి, సంతకం పెట్టివ్వండి. ఇచ్చిన మరుక్షణం అరవైకి అరవై నా చేత్తో తుడిచి పెడతాను."

సారు కలం తీశాడు. తెల్లకాగితం ముందుకి లాక్కున్నాడు. రాయడానికి ఒక వాక్యమే. కాగితం వంకా, కలం వంకా, ఆవిడ వంకా చూశాడు. నుదురు తుడుచుకున్నాడు. ఎవరో తలుపు తోసి లోపలికి రాబోతే చేత్తో ఆగమని సైగ చేశాడు. చాలాసేపటికి కలం బల్ల మీద పెట్టేశాడు.

జిగురమ్మ ఆ కలం తీసుకుంది. అదే తెల్లకాగితం తన వైపు తిప్పుకుని, నిలబడే రాసింది. ఆ అరలో ఉన్న నలభైమూడు పుస్తకాల్లో ఏది చదివి ఎవరికి కీడు జరిగినా జవాబు చెప్పాల్సింది నేను. కింద సంతకం పెట్టింది. ముప్పై ఏళ్ళలో ఆ లైబ్రరీలో ఎవరూ పిలవని పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా.

"ఇది ఫైల్లో పెట్టుకోండి సార్" అంది. "ఇక ఆ పెట్టెలు నా గదిలోంచి తీయించండి, జిగురు ఆరబెట్టడానికి చోటు లేదు."